బొమ్మల పజిల్‌ని నలుగురూ కలిసి విప్పడం ఎలా? ఆన్‌లైన్ గ్రూపుల కోసం సమగ్ర మార్గదర్శి

గులాబీ కొమ్మ, గోడ గడియారం, చేప, త్రాసు. కింద రెండు ఖాళీ గళ్ళు. నాలుగు బొమ్మలకూ సరిపోయే మాట ఒక్కటే చెప్పాలి.

నేనున్న పజిల్ గ్రూప్‌లో ఒక రాత్రి ఇది పడింది. రెండు నిమిషాలు కాకముందే ఎవరో ‘రాశి’ అన్నారు. చేప అంటే మీనం, త్రాసు అంటే తుల, అక్షరాలు చూస్తే రెండే. అందరికీ నచ్చేసింది. అక్కణ్ణుంచి గంటసేపు మిగతా రెండు బొమ్మల్ని రాశిలో ఇరికించడమే మా పని అయింది. గడియారానికి పన్నెండు అంకెలు, రాశులు కూడా పన్నెండే అని దానికీ ఒక దారి దొరికింది. గులాబీ మాత్రం లొంగలేదు. అప్పుడు, అంతవరకు చాట్ చూడని ఒకావిడ వచ్చి, పాత మెసేజ్‌లేవీ చదవకుండా, “కొమ్మకు ముళ్ళు ఎందుకంత పెద్దగా గీశారు?” అని అడిగారు. అంతే, ముడి విడిపోయింది. గులాబీకి ముల్లు ఉంటుంది, గడియారానికి ఉంటుంది, చేపకు ఉంటుంది, త్రాసుకూ ఉంటుంది.

బొమ్మల పజిల్‌లో అసలు పని బొమ్మకు పేరు పెట్టడమే అని నాకు ఆ రాత్రి బాగా తెలిసింది. ఒక మనిషికి ఒక బొమ్మను చూస్తే రెండు మూడు పేర్లు తోస్తాయి. పదిమంది చూస్తే పదిహేను తోస్తాయి. గ్రూప్‌తో లాభం అదే. కానీ ఆ పదిమందీ మొదటివాడి మాట పట్టుకుని వేలాడితే, పదిమంది ఉన్నా ఒక్కరున్నట్టే. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని కింది మెట్లు చదవండి.

మొదటి మెట్టు: ఇది ఏ రకం పజిలో తేల్చుకోండి

చూడగానే జవాబు కోసం తొందరపడకుండా, ముందు రకం పట్టుకోవాలి. రకం తెలిస్తే బొమ్మను ఎలా చదవాలో తెలుస్తుంది.

అన్నిటికంటే తేలికైనవి సూటిగా అతికేవి. నిప్పు పక్కన కోడి ఉంటే నిప్పుకోడి. తోక పక్కన చుక్క ఉంటే తోకచుక్క. గాలి వీస్తున్న బొమ్మ, దాని పక్కన గోడకు వేలాడే పటం ఉంటే గాలిపటం. ఇలాంటి వాటిలో బొమ్మల పేర్లు పక్కపక్కన చదివితే చాలు.

రెండో రకంలో బొమ్మకు అర్థంతో పని లేదు, దాని శబ్దం ఒక్కటే కావాలి. పడుకున్న మనిషి తల మీద బుడగ, అందులో ఏదో దృశ్యం, పక్కన కలం. కల, కలం కలిపితే కలకలం. జవాబులో నిద్రా లేదు, రాతా లేదు. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. “కలలో రాసుకోవడం... కవిత్వమా?” అని అర్థం వెంట పడిపోతారు.

మూడోది నాలుగు బొమ్మలు, ఒక మాట. జర్మనీకి చెందిన లోటమ్ సంస్థ 2013లో ఈ పద్ధతిలో తెచ్చిన మొబైల్ ఆట బాగా పేరు తెచ్చుకుంది. పైన చెప్పిన ముల్లు ఈ రకమే. ఇందులో బొమ్మలు కలవవు. ఒకే మాటకున్న నాలుగు ముఖాల్ని నాలుగు బొమ్మలు చూపిస్తాయి.

నాలుగోదానిలో అసలు బొమ్మే ఉండదు, అక్షరాలనే బొమ్మలా వాడతారు. ‘తల’ అనే మాటను తిరగేసి రాస్తే తలకిందులు. ‘చూపు’ అని చీమ తలంత అక్షరాలతో రాస్తే చిన్నచూపు. ‘మనసు’ అని కాగితం నిండా రాస్తే పెద్ద మనసు. ఇక్కడ ఏం రాశారన్నది సగమే. ఎక్కడ రాశారు, ఎంత సైజులో రాశారు, ఏ దిక్కుగా రాశారు అన్నదాంట్లో మిగతా సగం ఉంటుంది.

ఇవి కాక సామెతల్ని, జాతీయాల్ని బొమ్మ గీసి చూపేవి ఉన్నాయి. పిల్లి మెడలో గంట, చెవిలో పువ్వు, కత్తి మీద సాము. వీటికి పెద్ద పద్ధతేమీ అక్కర్లేదు, భాష వాడుకలో ఉంటే చాలు.

రెండో మెట్టు: జవాబు ఏ భాషలో ఉంది, ఎన్ని అక్షరాలు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ఇంగ్లీష్ పజిల్‌ని తెలుగులో ఆలోచిస్తే ఎప్పటికీ తెగదు. ఒక బొమ్మలో కొంగజాతి పక్షి, ఇంకో బొమ్మలో బరువులెత్తే యంత్రం ఉంటే ఇంగ్లీషులో రెండూ క్రేన్. తెలుగులో ఆ రెంటికీ చుట్టరికమే లేదు. అలాగే మన ముల్లును ఇంగ్లీషులోకి మారిస్తే నాలుగు బొమ్మలు నాలుగు దిక్కులకు పోతాయి. కాబట్టి పజిల్ పెట్టేవాళ్ళు భాష చెప్పి తీరాలి. చెప్పకపోతే ముందు అదే అడగండి.

తరవాత అక్షరాల లెక్క. తెలుగులో ఒత్తులతో, గుణింతంతో సహా ఒక్కసారిగా పలికేది ఒక అక్షరం. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అలా విడి ముక్కలుగా ఉంటుంది. పజిల్ ఆప్ రాసినవాళ్ళు ఈ తేడా పట్టించుకోకపోతే గళ్ళు తప్పుగా పడతాయి. కొన్ని చోట్ల సున్నను కూడా విడిగా లెక్కిస్తారు. గళ్ళ సంఖ్యకు మీ జవాబు ఒకటి రెండు తేడాతో సరిపోకపోతే వెంటనే దాన్ని పారేయకండి. అదే ఆప్‌లో ఇంతకుముందు విప్పిన మాటను తీసుకుని, అక్కడ ఎలా లెక్కపెట్టారో చూడండి.

మూడో మెట్టు: ప్రతి బొమ్మకూ పేర్ల జాబితా రాయండి

ఇక్కడ మాత్రం తొందరపడకండి, వీలైనంత సమయం ఇవ్వండి.

బొమ్మలకు 1, 2, 3, 4 అని నంబర్లు వేసి, ఒక్కోదాని కింద తోచిన పేర్లన్నీ రాయండి. మనసులో అనుకుంటే చాలదు, రాయాలి. లేదా పైకి అనాలి. మనసులో అనుకునేటప్పుడు బొమ్మను చూస్తాం, పేరు వినం. పైకి అంటే చెవి కూడా పని మొదలుపెడుతుంది.

పేర్లు ఎన్ని రకాలుగా వస్తాయో చూడండి. చెయ్యి బొమ్మే తీసుకుందాం. చెయ్యి, చేయి, హస్తం, కరం, అరచెయ్యి, గుప్పెట, పిడికిలి, వేళ్ళు, అయిదు. చెయ్యి అని ఒక్కటే అనుకున్నవాళ్ళకు ‘చెయ్యి పక్కన దీపం’ ఎప్పటికీ విడదు. కరం అని పట్టుకున్నవాళ్ళకు కరదీపిక వెంటనే దొరుకుతుంది. తెలుగులో ఇదొక వరం, ఇదొక చిక్కు కూడా. అచ్చ తెలుగు మాట ఒకటి, సంస్కృతం నుంచి వచ్చిన మాట ఇంకోటి, ఇంగ్లీష్ మాట మరోటి, ఒకే వస్తువుకు మూడూ వాడుకలో ఉంటాయి. ఏనుగు ఏనుగే, గజమూ అదే, కరి కూడా అదే. గజం అంటే మూడడుగుల కొలత అని కూడా గుర్తొస్తే, ఏనుగు పక్కన కొలత టేపు ఎందుకుందో తెలిసిపోతుంది.

తోచిన పేర్లు అయిపోయాక ఆగిపోకండి. ఈ ప్రశ్నలు వేసుకోండి. ఇందులో వస్తువు ఏమిటి? దాని భాగాలేమిటి? అక్కడ ఏ పని జరుగుతోంది? అది దేంతో చేశారు? ఎన్ని ఉన్నాయి? రంగు, ఆకారం, మనిషి ముఖంలో భావం ఏమిటి? ముల్లు విషయంలో మేమంతా వస్తువు దగ్గరే ఆగిపోయాం, జవాబేమో భాగంలో ఉంది. ఇంకో పజిల్ చూడండి: నిగనిగలాడే బట్ట, కలబడుతున్న ఇద్దరు కుస్తీవీరులు, తాడును గట్టిగా పట్టుకున్న చేతులు, నేల మీద కూర్చుని కదలనంటున్న పిల్లవాడు. బట్టలో చూడాల్సింది అది దేంతో నేశారన్నది. కుస్తీలో చూడాల్సింది వాళ్ళు వేస్తున్నదేమిటన్నది. పిల్లవాడిలో చూడాల్సింది గుణం. జవాబు ‘పట్టు’. నాలుగు బొమ్మల్నీ ఒకే ప్రశ్నతో చూస్తే ఇది దొరకదు.

ఈ రకం పజిళ్ళకు బాగా పనికొచ్చే మాటలు తెలుగులో కొల్లలుగా ఉన్నాయి. తాళం అంటే తలుపుకు వేసేది, పాటకు వేసేది, చేత పట్టి వాయించేది. గుండు అంటే జుట్టు లేని తల, ఫిరంగిలోది, కొండ మీద గుండ్రటి రాయి, త్రాసులో వేసే తూకం రాయి. తీగ అంటే మొక్కది, కరెంటుది, వీణది. చుక్క అంటే ఆకాశంలోది, నీటిది, కాగితం మీద సిరాది. ఇలాంటివి కనిపించినప్పుడల్లా ఒక నోట్స్‌లో రాసుకుంటూ పోతే ఆరు నెలల్లో మీ చేతిలో మంచి సొంత నిఘంటువు తయారవుతుంది.

శబ్దం పట్టుకునే పజిళ్ళకు ఇంకో అలవాటు కావాలి. పేరు పెట్టగానే ఆ వస్తువును మర్చిపోవాలి. బొమ్మను తీసేసి శబ్దాన్ని మాత్రం ఉంచుకోవాలి. ఇది కొత్త ఆటేమీ కాదు, రాత పుట్టుకలోనే ఉంది. ఈ పద్ధతిని రీబస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు ‘వస్తువులతో’ అని అర్థం. క్రీ.పూ. 3100 ప్రాంతపు ఈజిప్టు రాజు నార్మర్ పేరును ఒక చేప, ఒక ఉలి బొమ్మలతో రాశారు. ఆ చేప పేరు ‘నర్’, ఉలి పేరు ‘మెర్’. రాజుకు చేపతో పని లేదు, ఆ శబ్దంతోనే పని. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఒకప్పుడు ఉన్న సుమేరు భాషలో ‘తి’ అంటే బాణం, జీవం కూడా. బొమ్మ గీయలేని జీవానికి బాణం బొమ్మ వేశారు. తమిళంలో ‘మీన్’ అంటే చేప, నక్షత్రం రెండూ కాబట్టి సింధు లిపిలోని చేప గుర్తును నక్షత్రంగా చదవాలని ఆస్కో పర్పోలా వంటి పండితులు ప్రతిపాదించారు. ఆ లిపి గుట్టు ఇంకా విడలేదు కనుక అది ప్రతిపాదనగానే ఉంది. ఇదంతా తలచుకుంటే నాకు ఒక్కోసారి ఒళ్ళు పులకరిస్తుంది. ఫోన్ మీద మనం చేస్తున్నది అయిదు వేల ఏళ్ళ నాటి పని.

నాలుగో మెట్టు: అతుకుల దగ్గర జాగ్రత్త

పేర్లు సరిగ్గానే ఉన్నా మాట కుదరని సందర్భాలు వస్తాయి. తెలుగు మాటలు పక్కపక్కన చేరితే ఊరుకోవు, ఆకారం మారతాయి.

కొన్ని ఆవులు మేస్తున్న బొమ్మ. పక్కన రెండు చేతులు ఎడంగా పెట్టి ‘ఇంత’ అని కొలత చూపిస్తున్న మనిషి. మా గ్రూప్‌లో ‘ఆవులు, ఇంత’ అని రెండు పేర్లూ వచ్చి పడ్డాయి, అయినా అరగంట ఎవరికీ తట్టలేదు. “వేగంగా అనండి” అన్నారు ఒకరు. ఆవులు ఇంత, ఆవులింత! ఉకార సంధి బడిలో నేర్చుకున్నదే. చాట్ మెసేజ్‌లో రెండు మాటల మధ్య ఖాళీ వదిలి రాసేసరికి ఆ సంధి కనిపించకుండా పోయింది. కాబట్టి పేర్లను ఖాళీ లేకుండా కలిపి రాసి చూడండి, గబగబా పలికి చూడండి.

ఇంకోటి, మొదటి మాట రూపం. కన్ను పక్కన చంటిపాప ఉంటే ‘కన్నుపాప’ అని కాదు, కంటిపాప. నీరు పక్కన ఏనుగు ఉంటే నీటి ఏనుగు. ఇల్లు ఇంటి అవుతుంది, చెయ్యి చేతి అవుతుంది, నోరు నోటి అవుతుంది. పేర్ల జాబితా రాసేటప్పుడు ఈ రూపాలు కూడా పక్కన చేర్చేయండి.

బొమ్మను కోస్తే పేరును కూడా కోయాలి. అంకె ఏడు పక్కన సగం చెరిపేసిన పువ్వు ఉంటే ఏడు, ‘పు’, అంటే ఏడుపు. బొమ్మ కింద కొట్టివేసిన అక్షరం ఉంటే పేరులోంచి ఆ అక్షరం తీసేయమని. బాణం గుర్తు, కూడిక, తీసివేత గుర్తులు అలంకారం కోసం వేయరు.

అయిదో మెట్టు: గ్రూప్‌లో పెట్టేటప్పుడు

బొమ్మ మొత్తం పెట్టండి. అందంగా ఉండాలని అంచులు క్రాప్ చేయొద్దు. మూలన ఉన్న చిన్న బాణమో, కింద ఉన్న గళ్ళో ఎగిరిపోతే అందరి సమయం వృథా. ఆప్ ఇచ్చిన అక్షరాలు ఉంటే అవి కూడా స్క్రీన్‌షాట్‌లో పడాలి. పైన చెప్పిన లోటమ్ ఆటలో పన్నెండు అక్షరాలు ఇస్తారు. వాటిలో లేని అక్షరంతో మొదలయ్యే ఊహలన్నీ అక్కడికక్కడే కొట్టేయొచ్చు.

మెసేజ్‌లో మూడు విషయాలు ఉండాలి: భాష, అక్షరాల సంఖ్య, మీకు కావలసింది హింటా, జవాబా. చివరిది చాలామంది రాయరు. మీరు ఇంకాస్త ప్రయత్నిద్దామనుకుంటుంటే ఎవరో జవాబు పడేస్తారు, మనసు చివుక్కుమంటుంది. తప్పు వాళ్ళది కాదు, మీరు చెప్పలేదు.

మరి మీరు చేసిన ప్రయత్నాలు కూడా చెప్పాలా? చాలాచోట్ల చెప్పాలంటారు. నేను మాత్రం వెంటనే వద్దంటాను. ‘రాశి అనుకున్నాను కానీ కుదరలేదు’ అని మొదటి మెసేజ్‌లోనే రాస్తే అందరి కళ్ళకూ రాశే కనిపిస్తుంది. బొమ్మ పెట్టండి, ఒక అరగంట కొత్త కళ్ళను స్వేచ్ఛగా చూడనివ్వండి. ఆ తరవాత మీ జాబితా పెట్టండి. కొందరు కావాలనే పాత మెసేజ్‌లు చదవకుండా బొమ్మ ఒక్కటే చూస్తారు. అలాంటివాళ్ళను విసుక్కోవద్దు, మమ్మల్ని ముల్లు దగ్గరికి చేర్చింది అలాంటి ఒకావిడే.

ఎమోజీ పజిలైతే దాన్ని టైప్ చేసి పంపకుండా స్క్రీన్‌షాట్ తీసి పంపండి. ఎమోజీ ఒకటే అయినా ఒక్కో ఫోన్‌లో బొమ్మ ఒక్కోలా ఉంటుంది. యాపిల్ 2016లో తుపాకీ ఎమోజీని పచ్చటి నీళ్ళ తుపాకీగా మార్చింది. అప్పటికి చాలా కంపెనీల ఫోన్లలో అది నిజం తుపాకీలాగే ఉంది. ఒకరు యుద్ధం అనుకుంటే మరొకరు ఆటబొమ్మ అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇంకో మాట. గ్రూప్‌లో చూపు లేనివాళ్ళు, తక్కువ ఉన్నవాళ్ళు ఉండొచ్చు. బొమ్మ కింద ఒక వాక్యం రాస్తే వాళ్ళు కూడా ఆడగలుగుతారు. ‘1. ఆకులు, పువ్వు, పెద్ద ముళ్ళు ఉన్న గులాబీ కొమ్మ. 2. గుండ్రటి గోడ గడియారం’ అని ఉన్నది ఉన్నట్టు రాయండి, సొంత అర్థం చెప్పకండి. రంగు మీద ఆధారపడే పజిల్ అయితే రంగు పేరు కూడా రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళు మనం అనుకునేదానికంటే ఎక్కువే. నా అనుభవంలో, ఇలా మాటల్లో రాయడం మొదలుపెట్టాక బొమ్మ పెట్టినవాళ్ళకే జవాబు తట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. పేరు పెట్టడమంటే అదే మరి.

బహుమతి ఉన్న పోటీ ఇంకా నడుస్తుంటే దాని పజిల్‌ని గ్రూప్‌లో అడగకండి. గడువు అయ్యాక పెట్టండి, నలుగురం కూర్చుని మాట్లాడుకుందాం. డబ్బు పెట్టి కొన్న పజిల్ పుస్తకం పేజీలను వరసగా ఫోటోలు తీసి పెట్టడం కూడా సరికాదు, వాటిని తయారుచేసినవాళ్ళు దాని మీదే బతుకుతారు.

ఆరో మెట్టు: జవాబు తెలిసినవాళ్ళు ఏం చేయాలి

జవాబు తట్టగానే చెప్పేయాలని వేళ్ళు తహతహలాడతాయి. ఆపుకోండి. టెలిగ్రామ్‌లో మాటను సెలెక్ట్ చేసి స్పాయిలర్ పెడితే మసగ్గా కనిపిస్తుంది, కావలసినవాళ్ళు నొక్కి చూసుకుంటారు. డిస్కార్డ్‌లో మాటకు అటూ ఇటూ రెండేసి నిలువు గీతలు పెడితే అదే జరుగుతుంది. అలాంటి సౌకర్యం లేని చోట అడిగినవారికి విడిగా మెసేజ్ పంపి, గ్రూప్‌లో ‘దొరికింది’ అని మాత్రం రాయండి.

హింట్ ఇవ్వడం ఒక కళ. ఒక్కసారిగా మొత్తం తెర తీయకుండా, ఒక్కో మెట్టు దింపాలి. కలకలం పజిల్‌కు నేనైతే ఇలా ఇస్తాను. మొదటి హింట్: “అర్థం వెంట పోకండి, వినండి.” రకం చెప్పాను, బొమ్మల జోలికి పోలేదు. రెండోది: “రెండో బొమ్మను పెన్ను అనకండి.” ఇప్పుడు తప్పు పేరు ఒకటి తీసేశాను. మూడోది: “రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి.” ఇక నాలుగోది అక్కర్లేదు. ప్రతి హింట్ తరవాత కొంచెం సమయం ఇవ్వండి. ‘చాలా ఈజీ’ అని మాత్రం ఎప్పుడూ రాయకండి. తట్టనివాళ్ళకు ఆ మాట హింట్ కాదు, చెంపదెబ్బ.

తప్పు ఊహను కొట్టిపారేసేటప్పుడు కూడా కారణం చెప్పండి. “కాదు” అంటే ఒక దారి మూసుకుపోతుంది. “మూడో బొమ్మకు కుదరదు” అంటే ఇంకో దారి తెరుచుకుంటుంది. జవాబు తేలాక, ఎవరి పేరు ఎలా ఉపయోగపడిందో ఒక ముక్క రాయండి. జవాబు చెప్పినవారి కంటే ముందు ‘పెన్ను కాదేమో, కలమేమో’ అన్నవారి పాలు ఎక్కువ ఉండొచ్చు.

ఏడో మెట్టు: ఎక్కడా కదలనప్పుడు

ముందు తిష్ఠ వేసుకున్న తప్పు జవాబును గుర్తుపట్టండి. నాలుగు బొమ్మల్లో మూడింటికి కుదిరి నాలుగోది మొరాయిస్తే, మొరాయించిన బొమ్మతోనే మళ్ళీ మొదలుపెట్టాలి. మేము గులాబీని పక్కన పెట్టి తప్పు చేశాం. గులాబీతో మొదలుపెట్టి ఉంటే కొమ్మ, రేకు, మొగ్గ, ముల్లు అని అయిదు నిమిషాల్లో తేలిపోయేది. కుదిరిన మూడింటినీ చేత్తో కప్పేసి, కుదరనిదాన్ని ఒక్కదాన్నే చూడండి.

తరవాత, బొమ్మలో అనవసరంగా కనిపించేదాన్ని వెతకండి. ఏది మరీ పెద్దగా గీశారు? దేనికి మాత్రమే రంగు వేశారు? గడియారం ఉంటే టైమ్ ఎంతైంది? మనుషులుంటే ఎంతమంది? పజిల్ తయారుచేసినవారు వెయ్యి గడియారాల్లోంచి ఈ గడియారాన్నే ఎందుకు ఏరుకున్నారు?

బొమ్మలో ఉన్నది ఏ పక్షో, ఏ పనిముట్టో తెలియకపోతే గూగుల్ లెన్స్ లాంటిదాంతో వెతకడం తప్పని నేననుకోను. అది పేరు తెలుసుకోవడమే. పజిల్ మొత్తాన్ని వెతికి ఎక్కడో ఉన్న జవాబు తేవడం వేరు, అది ఆటను చంపేస్తుంది. ఈ గీత ఎక్కడ గీయాలో గ్రూప్ ముందే అనుకుంటే మంచిది. మాటకు ఇంకేం అర్థాలున్నాయో చూడటానికి ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటు శోధన చాలా ఉపకరిస్తుంది. ఒకే చోట ఎన్నో నిఘంటువులు వెతుకుతుంది, మనం మర్చిపోయిన పర్యాయపదాలు కనిపిస్తాయి.

అయినా రాకపోతే వదిలేసి పడుకోండి. ఇది చేతులెత్తేయడం కాదు. తప్పు జవాబు పట్టు సడలడానికి కాస్త సమయం కావాలి, అంతే. నాకు పొద్దున పళ్ళు తోముకుంటున్నప్పుడు విడిపోయినన్ని పజిళ్ళు కుర్చీలో కూర్చున్నప్పుడు విడిపోలేదు.

ఎనిమిదో మెట్టు: మీరే ఒకటి తయారు చేయండి

విప్పడం నిజంగా రావాలంటే కట్టడం నేర్చుకోవాలి. మాటను తీసుకుని, అతుకు దగ్గర విరిచి, రెండు ముక్కలకూ బొమ్మ గీయగలరా చూడండి. గీయలేని ముక్క ఉంటే ఆ మాట వదిలేయండి. బలవంతంగా గీస్తే బొమ్మకు వివరణ రాయాల్సి వస్తుంది. గీత బాగా రాకపోయినా పర్వాలేదు, కానీ పిల్లిని గీస్తే కుక్కలా ఉండకూడదు.

గ్రూప్‌లో పెట్టేముందు ఇద్దరికి విడివిడిగా చూపించండి. జవాబు అడగకండి, బొమ్మల పేర్లు మాత్రం చెప్పమనండి. మీరు అనుకున్న పేరు ఇద్దరిలో ఒక్కరి నోటైనా రాకపోతే బొమ్మ మార్చాలి. వాళ్ళు చెప్పిన పేర్లతో ఇంకో జవాబు కూడా కుదురుతుందేమో సరిచూసుకోండి. మా ‘రాశి’ గొడవ అలా వచ్చిందే. చేప బదులు ముళ్ళపంది పెట్టి ఉంటే మీనం ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

నేను ఈ మధ్య గీసినది ఒకటి మీకు ఇస్తున్నాను, ముగ్గురి మీద పరీక్షించి చూసినదే. ఒకే ఒక్క బొమ్మ. చాచిన చెయ్యి, దాన్ని నిలువునా సగానికి కోసి ఒక సగమే ఉంచాను. జవాబు తెలుగులో, నాలుగు అక్షరాలు, ఒత్తుతో సహా. ఆ మాట ఈ వ్యాసంలోనే ఒకసారి వచ్చింది. మొదటి హింట్: సగాన్ని తెలుగులో ఎన్ని రకాలుగా అంటామో కాగితం మీద రాసి, ఆ తరవాత బొమ్మ వంక చూడండి.